డబ్బా ఆకారం బండికి హైవే మైలేజీ రావట్లే, ఏం చూడాల?

అన్నా, నాది డీజిల్ ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజను బలం ఇచ్చే బండి). పైన క్యారియరు, ఏటీ (ఆల్-టెరైన్, మట్టిదారికీ పనికొచ్చే) టైర్లు. కర్నూలు–అనంతపురం హైవేలో 110లో పోతే లీటరుకు 10 దాటట్లే. ఇంజను చూపించాల్నా?

జవాబు: ఇంజను జోలికి ఇప్పుడే పోవద్దు. నిటారు అద్దం, చదును ముందుభాగం గాలిని చీల్చవు, నెడతాయి. వేగం 80 నుంచి 110కి పెరిగితే గాలి నిరోధం దాదాపు 1.9 రెట్లు అవుతుంది. ఒక ట్యాంకు 85–90లో నడిపి చూడండి. ఖాళీ క్యారియరు విప్పేయండి. దాని అడ్డకడ్డీలు ఈల వేస్తాంటే డీజిల్ అక్కడే పోతాందని అర్థం.

జవాబు: గాలి పొద్దున్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు, డోరు పక్క స్టిక్కరు మీదున్నంత పట్టించండి. ఎండలో గుత్తి దాకా పోయినాక 3–4 పీఎస్‌ఐ ఎక్కువ చూపిస్తుంది, అది తీయొద్దు. దిగినప్పుడు ఒక్క చక్రం రిమ్మే కాలుతాంటే ఆ బ్రేకు పట్టుకుంటాంది. తారురోడ్డు మీద టూ-హెచ్ (రెండు చక్రాలకే బలం పోయే గేరు) మాత్రమే.

జవాబు: లెక్క కూడా సరిచూడప్పా. టైరు చుట్టుకొలత కంపెనీదానికంటే 5 శాతం పెద్దదైతే 210 కిలోమీటర్లు తిరిగినా ఓడోమీటరు 200 అంటుంది. జీపీఎస్‌తో పోల్చు. డీజిల్ ప్రతిసారీ అదే బంకు, అదే పంపులో, మొదటి ఆటోకట్ (పంపు తనంతట తానే ఆగడం) దాకానే పట్టించు. ఎదురుగాలి ఉంటుంది, పోనూ రానూ కలిపి లెక్కేయ్.