కువైట్‌కు కొత్తగా వచ్చాను: వంటింట్లో ఉంటూ ప్రార్థన, సేవ ఎట్లా?

బద్వేలు చెల్లెలు:

అక్కలకు, అన్నలకు నమస్కారం. మాది కడప జిల్లా, బద్వేలు పక్కన పల్లె. కువైట్ వచ్చి నలభై రోజులైంది. ఒక ఇంట్లో వంట, ఇల్లు తుడవడం నా పని. ఇంట్లోవాళ్లు చెడ్డవాళ్లేం కాదు, పని మాత్రం ఎక్కువ.

ఊర్లో ప్రతి శనివారం సాయంత్రం గుడి ఊడ్చి, బలిపీఠం మీద గుడ్డ మార్చి, మాతకు కనకాంబరాల మాల కట్టేదాన్ని. ఎవరూ చెప్పకుండానే చేసేదాన్ని, మనసు నిండుగా ఉండేది. ఈడ కూడా అదే చీపురు, అదే తడిగుడ్డ. కానీ చేతిలోకి తీసుకుంటేనే విసుగు. రాత్రి పదకొండుకు జపమాల పట్టుకుంటే రెండో పదికే (పది పూసలు ఒక పది) కళ్లు మూతలు పడతాయి. శుక్రవారం సెలవు రెండు వారాలకొకసారి ఇస్తామన్నారు. ఆదివారం పూజ లేదు, సత్ప్రసాదం లేదు, పాపం చేస్తున్నానేమో అని ఒకటే టెన్షన్.

మా విచారణ (మా గుడి కింది ఊర్లు) సిస్టర్‌కు ఫోన్ చేస్తే "నీ పనే నీ ప్రార్థన, సంతోషంగా చేయి" అన్నారు. వినడానికి బాగుంది, చేసేదెట్లో తెలియడం లేదు. ఏండ్ల తరబడి ఉన్నవాళ్లు చెప్పండి.

సాల్మియా అక్క (ప్రొద్దుటూరు):

చెల్లీ, ముందు ఆ టెన్షన్ దించుకో. ఈ దేశంలో సెలవు శుక్రవారం కాబట్టి మన గుళ్లలో ఆదివారం పూజనే శుక్రవారం, శనివారం కూడా పెడతారు. అవే పఠనాలు, అదే ప్రసంగం. శుక్రవారం పోయావంటే ఆదివారం పోయినట్టే. ఇంట్లోవాళ్లు వదలని వారం నీ తప్పు కాదు. పోగలిగి కూడా పోనివాళ్లది వేరే లెక్క. ఇంకా అనుమానముంటే పాపసంకీర్తనంలో ఫాదర్‌ను అడుగు, నా అనుమానం అట్లనే తీరింది.

మా జేజి కాలంలో మన కడప వైపంతా నెల్లూరు మేత్రాసనం (బిషప్‌గారి పరిధి) కింద ఉండేది. కడపకు సొంత మేత్రాసనం 1976లో కదా వచ్చింది. మా పల్లెకు ఫాదర్ నెలకో, రెండు నెలలకో వచ్చేవారు. మిగతా రోజుల్లో ఉపదేశి జపాలు చెప్పిస్తే విని, చెనిక్కాయలు పెరకడానికి పోయేవాళ్లు. వాళ్లేమన్నా తక్కువ క్యాథలిక్కులా?

గుళ్ల సంగతి: కువైట్ సిటీలో తిరుకుటుంబ కెథడ్రల్, అహ్మదీలో అరేబియా మాత గుడి, అబ్బాసియాలో పునీత డేనియల్ కొంబోని గుడి, మా సాల్మియాలో చిన్న తెరేసమ్మ గుడి. తెలుగు పూజ ఎక్కడ, ఏ టైముకో నోటీసు బోర్డులో చూసుకో. పండగలకు మారుతుంటాయి.

ఈ తెరేసమ్మ కథ నీకు తెలిసే ఉంటుంది. ఫ్రాన్సులో పదిహేనేండ్లకే మఠంలో చేరి, ఇరవై నాలుగేండ్లకు, 1897లో క్షయతో పోయింది. మఠం గడప దాటి ఏ దేశానికీ వేదబోధకు పోలేదు. అయినా 1927లో పోపుగారు ఆమెను వేదబోధకులందరికీ పాలక పునీతురాలిగా ప్రకటించారు. ఆమె చేసినవి ఏంటివి? గుడ్డలు ఉతికేచోట ఎదురుగా ఉన్న సిస్టర్ మురికినీళ్లు ఈమె ముఖం మీద చిందించేదంట. తుడుచుకొని పక్కకు జరగాలనిపించినా జరగలేదు. ఇంకో ముసలి సిస్టర్‌ను రోజూ సాయంత్రం భోజనాల గదికి నడిపించుకొని పోయేది. ఆమె ఒకటే సణుగుడు: తొందరగా నడుస్తావు, మెల్లగా నడుస్తావు, పడేస్తావు. కూర్చోబెట్టాక ఆ ముసలామె చేతులు రొట్టె తుంచుకోలేవని గమనించి, రొట్టె కోసి పెట్టి, నవ్వి వచ్చేది. ఆ నవ్వుతోనే ముసలామె మెత్తబడింది. నాకు ఈమె దగ్గరగా అనిపించేది ఎందుకంటే, ఆమెకూ ప్రార్థనలో నిద్ర వచ్చేది. పిల్లలు నిద్రపోయినా అమ్మానాన్నలకు ముద్దే కదా అని సర్దిచెప్పుకుంది.

ఇంక నా సంగతి. మా ఇంట్లో దివానియా ఉంది, మగవాళ్లు కూర్చొని గహ్వా (అరబ్బు కాఫీ) తాగే గది. జనం వచ్చిన రాత్రి నలభై ఫింజాన్లు తేలుతాయి. పిడి లేని చిట్టి కప్పు, అడుగున యాలకుల పొడి అంటుకొని ఉంటుంది, బొటనవేలు పెట్టి తిప్పితే గానీ పోదు. మొదటి మూడేండ్లు వాటిని తిట్టుకుంటూ కడిగినాను. తర్వాత కప్పుకొక మంగళవార్త జపం (జపమాలలో పూసకొకటి చెప్పే మరియమ్మ జపం) అనుకున్నా. పది కప్పులకు ఒక పది, ట్రే నిండితే త్రిత్వ స్తోత్రం. నలభై అయ్యేసరికి నాలుగు పదులు, ఐదోది కాఫీ కుండ తోముతూ. పగిలితే పరలోక జపం, అది నేను సొంతంగా కలుపుకున్నది.

ఊరికే జపం అయితే నోరు తిరుగుతుంది గానీ మనసు తిరగదు. అందుకే ఒక్కో పదికి ఒక్కో మనిషిని పెట్టుకుంటా. ఒకటి మా బిడ్డకు, ఒకటి అమ్మ మోకాళ్లకు, ఒకటి ఈ ఇంటి పెద్దామెకు. సోమవారం, శనివారం జపమాలలో సంతోష దేవరహస్యాలు (యేసు పుట్టుక చుట్టూ ఉన్న ఐదు ఘట్టాలు, పదికొకటి తలుచుకునేవి) కదా, రెండోదానికి వచ్చినప్పుడల్లా ఆగుతా. మరియమ్మ గర్భంతో ఉండి కూడా కొండలు దాటి తన చుట్టం ఎలిజబేతమ్మ దగ్గరికి పోయి మూడు నెలలు ఉంది. ఏం చేసి ఉంటుంది ఆ మూడు నెలలు? నీళ్లు మోసి, పిండి విసిరి ఉంటుంది. సువార్తలో ఆ సంగతి రాయలేదు, మగవాళ్లు రాస్తే అట్లనే ఉంటుంది.

ఫర్వానియా డ్రైవర్ అన్న (కడప, మరియాపురం):

చెల్లెమ్మా, అక్క చెప్పింది బాగుంది. నావి రెండు మాటలు. నీ గదిలో జపమాల చెప్పుకుంటే తంటా ఏమీ లేదు. కానీ ఆ ఇంటి పిల్లలకు యేసు కథలు చెప్పబోకు. ముస్లింలకు మతప్రచారం చేస్తే ఇక్కడి చట్టం ఒప్పుకోదు.

రెండోది, రంజాన్. పగటిపూట నలుగురిలో నీళ్లు కూడా తాగకూడదు, జరిమానా వంద దినార్ల దాకా ఉంటుంది, జైలు కూడా పడొచ్చు. 2025లో రంజాన్ మార్చి 1న మొదలైతే మన నలభై రోజుల తపస్సు కాలం మొదలయ్యే విభూతి బుధవారం మార్చి 5న వచ్చింది. నేనూ ఉపవాసమే. మా మేడం కనుక్కొని ఆశ్చర్యపోయింది. మరుసటి రోజు నుంచి బాంగు వినపడగానే మూడు ఖర్జూరాలు, ఒక గ్లాసు మజ్జిగ కారు దగ్గరికే పంపింది. నలభై రోజుల్లో నాకు బాగా గుర్తున్నవి ఆ ఖర్జూరాలే.

అబ్బాసియా వదిన:

అందరూ పుణ్యం సంగతి చెప్పారు, నేను దినార్ల సంగతి చెప్తాను, కోప్పడొద్దు. పాపా, "సెలవు ఇస్తామన్నారు" అని రాశావు చూడు, అది వాళ్ల దయ కాదు. ఇంటిపనివాళ్ల కోసం ఇక్కడ 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. వారానికొక సెలవు, రోజుకు పన్నెండు గంటలకు మించని పని, ఏడాదికి ముప్పై రోజుల జీతంతో సెలవు అందులో ఉన్నాయి. పాస్‌పోర్టు వాళ్లు పెట్టుకోకూడదు. కనీస జీతం అరవై దినార్లని 2016లో పెట్టారు.

నేను పనిచేసిన మొదటి ఇంట్లో ఐదు నెలలు జీతం ఇవ్వలేదు. యేసయ్య సిలువ మోశాడు, నేను ఇది మోయలేనా అనుకుంటూ నోరెత్తలేదు. దాన్ని భక్తి అనుకున్నా. భయం అది. చివరికి ఎంబసీ మెట్లెక్కితే గానీ డబ్బులు రాలేదు. కోత కోసినవాళ్ల కూలి ఎగ్గొడితే ఆ కేక దేవుని చెవిన పడుతుందని యాకోబు లేఖలోనే ఉంది. సంతోషంగా చేయి అని చెప్పేవాళ్లు దాన్ని కూడా చదివి చెప్పాలి. ఎంబసీ హెల్ప్‌లైన్ నంబరు ఫోన్‌లో ఒకటి, కాగితం మీద ఒకటి పెట్టుకో.

సాల్మియా అక్క:

వదినా, నేను రాయకుండా వదిలేసింది నువ్వు రాశావు. తెరేసమ్మ మురికినీళ్లు భరించింది నిజమే, కానీ ఆమెకు జీతం బాకీ ఎవరూ లేరు. చెల్లీ, సెలవు ముందు అడుగు, ఫింజాన్లు తర్వాత.

బద్వేలు చెల్లెలు (నెలన్నర తర్వాత):

అక్కా, వదినా, అడిగాను. రెండు రోజులు మేడం మాట్లాడలేదు. నేను ఏడుపు ఆపుకొని రొట్టెలు చేసుకుంటూ పోయినా. మూడో రోజు తనే వచ్చి, ఇక ప్రతి శుక్రవారం పొద్దున ఏడు నుంచి సాయంత్రం దాకా సెలవు అనింది. పాస్‌పోర్టు ఇంకా ఇవ్వలేదు, అడుగుతున్నా.

మొన్న సాల్మియా గుడికి వచ్చినా. పూజ అయ్యాక కొందరు ఆడవాళ్లు పాటల పుస్తకాలు ఏరుతూ బెంచీలు తుడుస్తున్నారు. ఒకామె చేతిలోంచి గుడ్డ తీసుకున్నా, ఆమె ఏమనలేదు. ఆరు బెంచీలు తుడిచినాక గుర్తొచ్చింది, పొద్దున ఇంట్లో కూడా ఇట్లాంటి గుడ్డే పట్టుకున్నానని. మా ఇంట్లో ఫింజాన్లు తక్కువ, నేను ఇస్త్రీకి పెట్టుకున్నా. చొక్కాకొక జపం, ఎవరి చొక్కా అయితే వాళ్ల కోసం. రాత్రి జపమాల మాత్రం రెండో పదికే నిద్ర, అది మారలేదు.

అక్కా, ఇక్కడ కనకాంబరాలు ఎక్కడన్నా దొరుకుతాయా?

సాల్మియా అక్క:

కనకాంబరాలు నేనెప్పుడూ చూడలేదమ్మా. అబ్బాసియాలో ఇండియా మల్లెలు అమ్ముతారు, పొద్దున్నే పోవాలి, వదినకు చెప్పిపెడతా. సెప్టెంబరు 8 ఆరోగ్యమాత పండగ, ముందురోజు సాయంత్రానికి మాల తయారు కావాలి. పూలు, దారం నేను తెస్తా. కట్టడం నీ పని, నాకు ఆ ముడి ఇప్పటికీ రాదు.