అమ్మను హోంలో చేర్చేముందు ఏం చూడాలి?

ప్రశ్న – కొత్తపేట చిన్నకూతురు

అమ్మకి 76 ఏళ్లు. ఫిబ్రవరిలో పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మాట ముద్దగా వస్తుంది. మెత్తగా చేసి పెడితే నోటితోనే తింటుంది. నాలుగు నెలలు ఇంట్లోనే చూసుకున్నాం. ఏజెన్సీ ఆయాలు ముగ్గురు మారారు, మూడో అమ్మాయి చెప్పకుండానే మానేసింది. పోయిన వారం బాత్రూంకి తీసుకెళ్తుంటే అమ్మా నేనూ ఇద్దరం కలిసి పడ్డాం. ఇక హోం తప్పదని అన్నయ్యా నేనూ అనుకున్నాం.

రెండు చూసొచ్చాం. ఒకటి కొత్త బిల్డింగు, లిఫ్టు, ఏసీ, కింద చిన్న గుడి. నెలకి 48 వేలు. రెండోది పాత రెండంతస్తుల ఇల్లు, గదికి ముగ్గురు, 32 వేలు. అన్నయ్యకి మొదటిదే నచ్చింది. నాకు రెండోదే మనసుకి పట్టింది గానీ, ఎందుకని అడిగితే చెప్పలేకపోతున్నాను. ఏం చూసి తేల్చుకోవాలి? "తల్లిని హోంలో పడేస్తారా" అన్న మాట బంధువుల దగ్గర చాలా విన్నాం, ఇక్కడ మాత్రం వద్దండీ.

జవాబు – రిటైర్డ్ సిస్టర్, వరంగల్

అమ్మా, నేను 31 ఏళ్లు సర్కారు దవాఖానలో నర్సుగా చేసి రిటైరయ్యాను. గచ్చు, గోడలు, ఏసీ చూడకండి. ఫోన్ చేయకుండా సాయంత్రం 7 గంటలకు వెళ్లండి, భోజనాలు పెట్టే టైముకి. మీ అమ్మగారిలాంటి పేషెంటు ఒకరు ఎలా తింటున్నారో పక్కన నిలబడి చూడండి.

మనిషిని నిటారుగా కూర్చోబెట్టారా, లేక తల కింద దిండు ఎత్తు చేసి పడుకోబెట్టే పెడుతున్నారా? పెట్టే ఆయా కూర్చుని పెడుతోందా, నిలబడి గబగబా కుక్కుతోందా? పక్షవాతం వచ్చిన వైపు బుగ్గలో మెతుకులు ఇరుక్కుంటాయి, పేషెంటుకి తెలియదు. పడుకున్నాక అవి గొంతులోకి జారి పొలమారుతుంది, ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా. తెలిసిన ఆయా మంచివైపు నుంచి చెంచా పెడుతుంది, తిన్నాక నోరు తెరిపించి బుగ్గ శుభ్రం చేస్తుంది, అరగంట దాకా పడుకోనివ్వదు. ఈ ఒక్కటి చూస్తే వాళ్లకు పని వచ్చో రాదో తెలిసిపోతుంది.

తర్వాత మంచాలు చూడండి. బెల్లు, నీళ్ల గ్లాసు ఏ వైపున ఉన్నాయి? ఎడమ చెయ్యి పడిపోయిన మనిషికి ఎడమవైపు బెల్లు పెడితే ఆమె ఎవర్ని పిలవాలి? లేపేటప్పుడు పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగుతుంటే అక్కడ చేర్చొద్దు, భుజం కీలు జారుతుంది.

కదల్లేని వాళ్లను రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. దానికి చార్టు ఉంటుంది, అడిగి చూడండి. నేను ఒకచోట నా కళ్లతో చూశాను: టైము నాలుగైంది, చార్టులో ఆరు గంటలదీ ఎనిమిది గంటలదీ అప్పుడే రాసేశారు, ఒకటే పెన్ను, ఒకటే చేతిరాత. అలాంటి చార్టు కంటే చార్టు లేకపోవడమే నయం.

చేర్చాక వారానికోసారైనా మీరే నడుం కింద ఎముక దగ్గర, మడమల దగ్గర చూడండి. ఎర్రగా ఉంటే బొటనవేలితో నొక్కి వదలండి. తెల్లబడి మళ్లీ ఎరుపు వస్తే ఫరవాలేదు. నొక్కినా ఎరుపు అలాగే ఉంటే పుండు మొదలైనట్టే. మన చామనఛాయ ఒంటిమీద ఎరుపు సరిగ్గా కనబడదు, చేత్తో తడిమితే వేడిగానో గట్టిగానో తగులుతుంది. పైకి చర్మం చిట్లేదాకా ఆగకండి.

జవాబు – గుంటూరు అబ్బాయి

సిస్టర్ గారు చెప్పిన చివరి మాట దయచేసి తేలిగ్గా తీసుకోకండి. మా నాన్నని ఒక హోంలో పెట్టాం, పేరు అనవసరం. ఆదివారం 4 నుంచి 5 దాకానే రావాలని రూలు. వెళ్లినప్పుడల్లా తల దువ్వి, పౌడరు రాసి, ఇస్త్రీ చొక్కా వేసి కుర్చీలో కూర్చోబెట్టేవాళ్లు. నేను సంతోషపడి వచ్చేసేవాణ్ణి. మూడో నెలలో జ్వరం వచ్చి ఆస్పత్రికి తీసుకెళ్తే డ్యూటీ డాక్టరు పక్కకి తిప్పి చూపించింది. నడుం కింద నా అరచేయంత పుండు. కుర్చీలో కూర్చోబెట్టినప్పుడు ఆయన ఎందుకు మొహం చిట్లించేవాడో ఆ రోజు అర్థమైంది. మూడు నెలలు నేను ఒక్కసారి కూడా నాన్న వీపు చూడలేదు. ఏ టైములోనైనా రానిచ్చే చోటే చేర్చండి. ఎక్కడైనా పెద్దవాళ్లని సరిగ్గా చూడట్లేదనిపిస్తే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉంది, ఫోన్ ఉచితం. అప్పట్లో నాకు ఆ నంబరు తెలియదు.

జవాబు – న్యూజెర్సీ కోడలు

మా మామయ్యగారికి ఇక్కడ తుంటి ఆపరేషన్ అయ్యాక నర్సింగ్ హోం వెతికాం. (మన ఊళ్లో నర్సింగ్ హోం అంటే చిన్న ఆస్పత్రి, ఇక్కడ మాత్రం మీరు వెతుకుతున్నలాంటి హోమే.) మెడికేర్ (ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా) వాళ్ల కేర్ కంపేర్ వెబ్‌సైటులో ప్రతి హోంకీ ఒకటి నుంచి ఐదు దాకా స్టార్లుంటాయి. అందులో కొంత సమాచారం హోం వాళ్లు తమ గురించి తామే ఇచ్చుకున్నది, అందుకని మేం స్టార్లు పక్కన పెట్టి ప్రభుత్వ తనిఖీ రిపోర్టే చదివాం. అడిగితే హోం వాళ్లు చూపించి తీరాలి. శని, ఆదివారాల్లో నర్సులెందరో, ఏడాదిలో ఎంతమంది మానేశారో కూడా ఆ సైటులోనే ఉంటుంది. మీకు అలాంటి సైటు లేకపోయినా ఆయాల్ని ఒక్కొక్కరినీ "ఇక్కడ ఎన్నాళ్ల నుంచి చేస్తున్నారు?" అని అడగొచ్చు. అందరూ రెండు నెలలే అంటే ఆలోచించండి.

ప్రశ్న అడిగినావిడ – రెండు రోజుల తర్వాత

నిన్న సాయంత్రం చెప్పకుండా రెండిటికీ వెళ్లాం. కొత్త బిల్డింగులో పన్నెండు మందికి ఇద్దరు ఆయాలు. ఒక పెద్దావిడకి పడుకోబెట్టే జావ పోస్తున్నారు, బెల్లు గోడకి వేలాడుతోంది, ఆవిడ చేతికి అందదు. అన్నయ్య ఏమీ మాట్లాడలేదు. పాత ఇంట్లో ఒక ఆయా స్టూలు మీద కూర్చుని "అమ్మమ్మా, మింగావా? ఏదీ, నోరు చూపించు" అంటోంది. ఆరేళ్ల నుంచి అక్కడే చేస్తోందట. కానీ తిప్పే చార్టు అసలు లేదు. రాత్రి 9 తర్వాత నర్సు ఉండదు, ఆయాలే ఉంటారు. సిస్టర్ గారూ, ఇది ఒప్పుకోవచ్చా?

జవాబు – రిటైర్డ్ సిస్టర్, వరంగల్

చార్టు మీరే గీసి మంచం దగ్గర తగిలించండి, ఆ ఆయా రాస్తుంది. రాత్రి సంగతి మాత్రం చేర్చకముందే తేల్చుకోండి. మళ్లీ పక్షవాతం వస్తే రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి, అది మొదలైనప్పటి నుంచి నాలుగున్నర గంటలే గడువు. మూతి వంకరపోయినా, మాట పడిపోయినా ఓనర్ పర్మిషన్ కోసం ఆగకుండా 108కి ఫోన్ చేసే అధికారం ఆయాకి ఉందా? గేటు తాళం రాత్రి ఎవరి దగ్గర ఉంటుంది? చివరిసారి అమ్మగారు మామూలుగా ఎన్ని గంటలకు ఉన్నారో రాసిపెడతారా? ఆస్పత్రిలో మొదట అడిగేది అదే. ఈ మూడూ ఓనర్‌ని కాదు, రాత్రి డ్యూటీ ఆయానే అడగండి.