వలస మీద ప్రాజెక్టు: ఊర్లో వంద ఇళ్ళు ఎట్లా ఎంచుకోవాలి?

కంబదూరు_బీఏ:
అందరికీ నమస్తే. అనంతపురంలో బీఏ రెండో ఏడాది చదువుతున్నా. మా వైపు ఊర్ల నుంచి బెంగళూరుకు పోయే వలస మీద చిన్న ప్రాజెక్టు చేయాలి. 100 శాంపిల్ చాలని మా సార్ అన్నారు. ఊర్లో సుమారు 400 ఇళ్ళుంటాయి. ఆ వంద మందిని ఎట్లా ఎంచుకోవాలి? గూగుల్ ఫామ్ చేసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెడితే సరిపోతుందా? మీ నెలాదాయం ఎంత, ఎందుకు వలస పోయారు, ప్రభుత్వం ఏం చేయాలి, ఇవీ నేను రాసుకున్న ప్రశ్నలు. ముందే చేసినవాళ్ళు చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

సోషియాలజీ_అక్క:
గూగుల్ ఫామ్ మాత్రం వద్దు తమ్ముడూ. ఆ గ్రూపులో ఉండేది ఎక్కువగా ఫోన్ చేతిలో ఉన్న మగపిల్లలు, ఇంట్లో మిగిలిన ముసలివాళ్ళ మాట నీకు అందులో దొరకదు. ముందు వీధి వీధీ తిరిగి, కాలనీతో సహా, ఇళ్ళన్నిటికీ వరస నంబర్లు వేసుకో. 400లో 100 కావాలంటే ప్రతి నాలుగో ఇల్లు. మొదటిది ఒకటి నుంచి నాలుగు లోపల చీటీ తీసి పెట్టుకో. మూడు వస్తే 3, 7, 11 అట్లా పోతావు. ఇంకొక ముఖ్యమైన మాట. ఎంచుకున్న ఇంటికి తాళం ఉంటే పక్కింటికి పోవద్దు. చాలామంది అదే చేస్తారు. నీ విషయమే వలస కదా, తాళం పడిన ఇల్లే నీకు కావలసిన ఇల్లు. దాన్ని వదిలి మనుషులున్న ఇల్లు పట్టుకున్నావంటే, ఊర్లో వలసే తక్కువని నీ లెక్క చెబుతుంది.

లెక్కల_మాస్టారు:
384 మంది ఉంటేనే శాంపిల్ చెల్లుతుందని ఎవరైనా భయపెడితే పట్టించుకోవద్దు. అది చాలా పెద్ద జనాభాకు, 95 శాతం నమ్మకంతో 5 శాతం తేడా లోపల చెప్పాలన్నప్పుడు వచ్చే అంకె. 400 ఇళ్ళలో 100 సరిగ్గా ఎంచుకుంటే సుమారు సగం మంది అవును, సగం మంది కాదు అనే జవాబులకు తేడా దాదాపు 8.5 శాతం అటూ ఇటూ. డిగ్రీ ప్రాజెక్టుకు అది చాలు, ఆ తేడా ఎంతో రిపోర్టులో రాయి. కానీ తప్పుగా ఎంచుకున్న శాంపిల్‌ను ఏ సూత్రమూ కాపాడదు, అక్క చెప్పింది అందుకే పెద్ద విషయం.

రాయదుర్గం_జీన్స్:
ప్రశ్న అడిగే తీరు గురించి నేను చెబుతా. మా ఊర్లో జీన్స్ పని ఇంటింటా ఉంటుంది. "మీరు ఏమైనా పని చేస్తారా అమ్మా" అంటే "లేదు, ఇంట్లోనే ఉంటా" అంటారు, పక్కనే కుట్టాల్సిన ప్యాంట్ల మూట ఉంటుంది. "నిన్న పొద్దున లేచినప్పటి నుంచి ఏమేం చేశారు" అని అడిగితే అదే మనిషి దారాలు కత్తిరించడం, గుండీలు వేయడం, పీసుకు ఎంత ఇస్తారో, అన్నీ చెబుతుంది. రెండో ప్రశ్న వేయకపోతే ఆమె నీ పట్టికలో 'గృహిణి' అయిపోతుంది.

తాడిపత్రి_నాని:
నెలాదాయం ప్రశ్న తీసేయ్. ఫైలు పట్టుకుని పోతే సచివాలయం నుంచి వచ్చారనుకుంటారు, బియ్యం కార్డు పోతుందేమోనని తక్కువ చెబుతారు. పైగా చెనిక్కాయ రైతుకు నెలాదాయం ఎక్కడిది? ఎన్ని ఎకరాలు, బోరులో నీళ్ళున్నాయా, పోయిన పంట ఎన్ని మూటలు, గొర్రెలెన్ని, అవి అడుగు. ఎవరివి నువ్వు, ఎందుకు అడుగుతున్నావు, పేరు ఎక్కడా రాయను, ఇష్టం లేకపోతే చెప్పక్కరలేదు అనేది మొదటే చెప్పు.

సోషియాలజీ_అక్క:
నానీ, ఆదాయం పూర్తిగా వదిలేయమని నేను అనను. బెంగళూరులో రోజు కూలి ఎంత అంటే దాచకుండా చెబుతారు. అది అడగొచ్చు.

పాత_సర్వేయర్:
ఎంత కాలం వెనక్కి అడుగుతున్నావో కూడా చూసుకో బాబూ. ఇది పెద్ద సర్వేలకే తలనొప్పి అయింది. 1999-2000లో జాతీయ నమూనా సర్వే 55వ రౌండ్‌లో తిండి ఖర్చును 7 రోజులకూ 30 రోజులకూ పక్కపక్కనే అడిగారు, దాంతో పేదరికం ఎంత తగ్గిందో పాత రౌండ్లతో పోల్చడానికి లేకుండా పోయి ఆర్థికవేత్తలు ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. ఊర్లో తేదీలు అడిగితే రావు. ఉగాదికి ముందా తర్వాతా, సంక్రాంతికి ఊర్లో ఉన్నారా అని అడుగు. పీర్ల పండగను గుర్తుగా పెట్టుకుంటే జాగ్రత్త, అది ఏటా దాదాపు పదకొండు రోజులు ముందే వచ్చేస్తుంది, ఆ ఏడు ఏ నెలలో వచ్చిందో చూసుకుని రాసుకో.

ఎకనామిక్స్_మేడం:
"ఎందుకు వలస పోయారు" ప్రశ్న దగ్గర కాస్త ఆగాలి. పోయినవాళ్ళను మాత్రమే అడిగితే అందరూ "వానల్లేవు" అంటారు. అది నిజమే, మన జిల్లా సగటు వాన ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గరే. కానీ పోని ఇంటికీ అదే వాన కదా! మరి వాళ్ళెందుకు ఆగారు? అందుకే రెండు రకాల ఇళ్ళనూ ఒకే ప్రశ్నలు అడగాలి: అప్పు, బోరు, ఇంట్లో చేయి సాయానికి ఎందరున్నారు, బెంగళూరులో ముందే తెలిసిన మేస్త్రీ ఉన్నాడా. రెండు వరుసలు పక్కపక్కన పెట్టి చూస్తే ఎక్కడ తేడా వస్తుందో అక్కడ నీకు కారణం ఆచూకీ దొరుకుతుంది. ప్రభుత్వం ఏం చేయాలన్నది చివరికి పెట్టుకో, లేదా తీసేయ్.

ఇంకోటి, 2011 జనాభా లెక్కల్లో అనంతపురం అంటే 63 మండలాల పాత జిల్లా, 40.8 లక్షల జనం. 2022 ఏప్రిల్ 4 నుంచి ధర్మవరం, హిందూపురం, కదిరి వైపంతా శ్రీ సత్యసాయి జిల్లా. పాత జిల్లా అంకెను ఇప్పటి జిల్లాకు తగిలించకుండా మండలాల వారీగా తీసి కూడుకో.

కంబదూరు_బీఏ:
చాలా థాంక్స్ అందరికీ. తాళం వేసిన ఇళ్ళ సంగతి ఎట్లా రాబట్టాలి మేడం? పక్కింటివాళ్ళను అడగొచ్చా?

ఎకనామిక్స్_మేడం:
ఎంతమంది పోయారు, ఎప్పటి నుంచి తాళం ఉంది, పిల్లల్ని తీసుకెళ్ళారా, అంతవరకు అడగొచ్చు. అప్పుల సంగతి పక్కింటి నోట రాబట్టవద్దు. ఫోన్ నంబరు తీసుకునే ముందు, ఇవ్వొచ్చా అని పోయినవాళ్ళనే అడగమని చెప్పు. ఆదివారం సాయంత్రం ఫోన్ చెయ్. అప్పటికీ దొరకని ఇళ్ళను 'దొరకలేదు' అని విడిగా లెక్కేసి పట్టికలో చూపించు, 100లో అవి ఎన్నో చదివేవాళ్ళకు కనిపించాలి. మొదట ఆ వందలో లేని నాలుగైదు ఇళ్ళలో ప్రశ్నలు అడిగి చూసి, అర్థం కానివి మార్చుకుని అప్పుడు మొదలుపెట్టు.