పాత టౌన్‌లో మెట్రో పిల్లర్ల మీదా, భూమి లోపలా?

డాబాగార్డెన్స్ వాసి:
అందరికీ నమస్కారం. 2024 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆమోదించిన విశాఖ మెట్రో మొదటి దశలో మూడు కారిడార్లున్నాయి. స్టీల్‌ప్లాంట్ నుంచి కొమ్మాది 34.4 కిలోమీటర్లు, గురుద్వారా నుంచి పాత పోస్టాఫీసు 5 కిలోమీటర్ల పైచిలుకు, తాటిచెట్లపాలెం నుంచి చినవాల్తేరు 6.75. మొత్తం 46.23 కిలోమీటర్లు, 42 స్టేషన్లు, 11,498 కోట్లు. అంతా పిల్లర్ల మీదే.

హైవే మీద పిల్లర్లు వేస్తే నాకే అభ్యంతరమూ లేదు. అక్కడ రోడ్డు వెడల్పు ఉంది. నా బాధంతా రెండో కారిడార్ గురించి. డాబాగార్డెన్స్ దాటి పూర్ణా మార్కెట్ వైపు వెళ్లే రోడ్డు మీకు తెలియనిది కాదు. కూరగాయల బండ్లు, ఆటోలు, లోడు దించే లారీలు, వాటి మధ్య స్కూలు పిల్లలు. ఆ రోడ్డు నడుమ పిల్లర్లు దింపి, పైన రెండు ట్రాకులు, స్టేషన్ వచ్చిన చోట రోడ్డు మొత్తాన్నీ కప్పేసే కప్పు వేస్తే కింద దుకాణాలకు పగలు కూడా లైట్లు కావాలి. హైదరాబాద్‌లో సుల్తాన్‌బజార్ వ్యాపారులు ఏళ్ల తరబడి ఆందోళన చేసింది ఇందుకే. పాతబస్తీలో ఎంజీబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా వెళ్లాల్సిన ఐదున్నర కిలోమీటర్లు ఆగిపోయాయి. మిగతా 69 కిలోమీటర్లలో రైళ్లు తిరుగుతుంటే ఆ ముక్క మాత్రం ఏళ్ల తరబడి కాగితం మీదే ఉండిపోయింది. మన రెండో కారిడార్ కూడా దాదాపు అంతే పొడవు, అలాంటి ఇరుకే.

ఈ ఒక్క కారిడార్‌ని భూగర్భంలో వేయాలని నా వాదన. మీరేమంటారు?

కాంక్రీట్ మాస్టారు:
నలభై ఏళ్లు సివిల్ పనుల్లో ఉన్నవాణ్ని కాబట్టి ముందు లెక్కతో మొదలుపెడతాను. మన ప్రాజెక్టులో కిలోమీటరుకు పడుతున్నది సుమారు 249 కోట్లు. దాదాపు పూర్తిగా భూగర్భంలో వేసిన ముంబయి మెట్రో 3వ లైన్ 33.5 కిలోమీటర్లు, ఖర్చు 37 వేల కోట్ల పైన. అంటే కిలోమీటరుకు 1,100 కోట్లు. ఆ రేటుతో మీ ఐదు కిలోమీటర్లకి దగ్గర దగ్గర 4,300 కోట్లు అదనంగా కావాలి. మొత్తం మొదటి దశ ఖర్చులో మూడో వంతు కన్నా ఎక్కువ. ముంబయిలో ఎనిమిది బోగీల రైళ్లు, పెద్ద స్టేషన్లు. మనకు హైదరాబాద్‌లాగా మూడు బోగీలు చాలు కాబట్టి కొంత తగ్గుతుంది, ఒప్పుకుంటాను. సగానికి సగం తగ్గినా పిల్లర్ల ఖర్చుకి రెట్టింపు పైమాటే.

డబ్బు కన్నా నేను భయపడేది నేల గురించి. పోర్టు 1933లో మొదలైంది. అంతకు ముందు ఆ లోపలి హార్బరంతా ఉప్పునీటి మడ. తవ్విన మట్టితో చుట్టుపక్కల పల్లాలు పూడ్చారు. ఊరి మరో వైపు తూర్పు కనుమల కొండలు, గట్టి ఖోండలైట్ రాయి. సొరంగం తవ్వే యంత్రానికి మొత్తం రాయైనా పర్వాలేదు, మొత్తం మట్టైనా పర్వాలేదు. సగం రాయి, సగం బురద తగిలితేనే నరకం. 2017 ఏప్రిల్‌లో చెన్నై అన్నాసాలైలో కింద మెట్రో సొరంగం పని జరుగుతుంటే పైన రోడ్డు కుంగి సిటీ బస్సు, దాని పక్కనే కారు గుంటలోకి దిగిపోయాయి. పూర్ణా మార్కెట్ చుట్టూ పునాదులు ఎంత లోతున్నాయో ఎవరికీ తెలియని పాత మేడలున్నాయి. అక్కడ అలాంటిది జరిగితే ఎవరు బాధ్యులు?

కూర్మన్నపాలెం షిఫ్ట్:
సార్లూ, మీ వాదన మీరు చేసుకోండి గానీ మా స్టీల్‌ప్లాంట్ కారిడార్‌ని దీంట్లో ఇరికించకండి. 2014 విభజన చట్టంలోనే విశాఖ మెట్రో సాధ్యాసాధ్యాలు చూడమని రాశారు. అప్పటి నుంచి లైట్ మెట్రో అన్నారు, ట్రామ్ అన్నారు, రూట్లు మార్చారు, ఎన్నోసార్లు కొత్త సవివర ప్రాజెక్టు నివేదికలు, అంటే డీపీఆర్‌లు రాశారు. గాజువాక జంక్షన్ దాటడానికి ఇప్పటికీ అదే అవస్థ. మీరు భూగర్భం అనగానే మళ్లీ కొత్త సర్వే, కొత్త డీపీఆర్, మళ్లీ ఢిల్లీ. రెండో కారిడార్ తేలేదాకా మొదటిది ఆగకూడదు. ఇది గట్టిగా చెప్తున్నాను.

హౌరా తెలుగోడు:
మాది మధురవాడ, ఉద్యోగం కలకత్తాలో. భూగర్భ రైలుతో రోజూ బతుకుతున్నవాడిగా నాలుగు మాటలు.

దేశంలో మొదటి మెట్రో ఇక్కడిదే. 1972 డిసెంబరులో ఇందిరా గాంధీ శంకుస్థాపన చేశారు. 1984 అక్టోబరు 24న ఎస్ప్లనేడ్ నుంచి భవానీపూర్ దాకా తొలి రైలు నడిచింది, కేవలం 3.4 కిలోమీటర్లు. దమ్‌దమ్ నుంచి టాలీగంజ్ దాకా మొత్తం లైన్ పూర్తయ్యేసరికి 1995. అప్పట్లో ఎక్కువ భాగం రోడ్డుని పైనుంచి తవ్వి, కాంక్రీటు పెట్టె కట్టి, మళ్లీ మూసే పద్ధతి. 1863లో లండన్‌లో ప్రపంచపు మొదటి భూగర్భ రైలు లైన్‌కి వాడిందీ అదే. అక్కడ కూడా ప్రారంభానికి కొన్ని నెలల ముందు ఫ్లీట్ మురుగు కాలువ తెగి పనుల మీద పడింది. ఇక్కడ ఆ తవ్వకాల కాలం చూసిన పెద్దలు ఇప్పటికీ ఆ గుంటల సంగతి చెప్తారు.

ఇప్పుడు యంత్రాలు వచ్చాయి. 2024 మార్చిలో హుగ్లీ నది కింద నుంచి రైలు మొదలైంది. నది దాటేది 520 మీటర్లు. హౌరా నుంచి ఎస్ప్లనేడ్‌కి బస్సులో బ్రిడ్జి మీద ఇరుక్కున్నవాళ్లకి ఇది వరం. అదే లైన్‌లో 2019 ఆగస్టు చివర బౌబజార్ దగ్గర యంత్రం నీటి పొరని తాకింది. పైన ఇళ్లు బీటలు వారాయి, కొన్ని కూలాయి, వందల మంది రాత్రికి రాత్రి హోటళ్లకి మారారు. ఆ ముక్క పూర్తవడానికి ఇంకో ఆరేళ్లు పట్టింది. నదిని దాటిన లైన్ పాత బస్తీలో ఇరుక్కుపోయింది. డాబాగార్డెన్స్ వాసి గారు ఈ సంగతి మరిచిపోకూడదు. అయినా నన్నడిగితే భూగర్భానికే ఓటు. ఉత్తర కలకత్తా సందుల మధ్య పిల్లర్లు ఊహించుకోండి. ఊరే మిగిలేది కాదు.

టౌన్ కొత్తరోడ్డు షాపు:
మా తాత పెట్టిన షాపు మాది. పిల్లర్లు వస్తే షాపు ముందు భాగం పోతుందని ఒకరంటారు, సొరంగం వస్తే గోడలు పగులుతాయని ఇంకొకరంటారు. రెండింటికీ టెన్షన్ మాదే. మాస్టారూ, ఒక్క మాట అడుగుతాను. తుపానుల సంగతేంటి? హుద్‌హుద్‌కి ఎయిర్‌పోర్టు కప్పే లేచిపోయింది. ఆ తర్వాత ప్రపంచ బ్యాంకు డబ్బుతో కరెంటు తీగలనే భూమి లోపలికి దించారు. తీగలకి పైన భయమైతే రైలుకి భయం లేదా?

కాంక్రీట్ మాస్టారు:
మంచి ప్రశ్న అడిగావు బాబూ. పిల్లర్ల మీది వయాడక్ట్, అంటే రైలు వంతెన, గాలికి పడిపోదు, ఆ లెక్కలు డిజైన్‌లోనే ఉంటాయి. గాలి వేగం పెరిగితే రైళ్లు ఆపేస్తారు, తుపాను దాటాక ట్రాకు చూసుకుని మళ్లీ తిప్పుతారు. ఒకటి రెండు రోజుల నష్టం. భూగర్భంలో కష్టం గాలితో కాదు, నీళ్లతో. 2012లో శాండీ తుపానుకి న్యూయార్క్‌లో సముద్రం ఒడ్డునున్న సౌత్ ఫెర్రీ స్టేషన్ నిండా ఉప్పునీరు చేరింది. అప్పటికి మూడేళ్ల కింద తెరిచిన కొత్త స్టేషన్ అది. మళ్లీ తెరిచింది 2017లో. ముంబయి 3వ లైన్‌లో కూడా 2025 మేలో మొదటి వానకే వర్లీ దగ్గర ఆచార్య అత్రే చౌక్ స్టేషన్‌లోకి నీళ్లు వచ్చాయి. మన పాత పోస్టాఫీసు హార్బరు పక్కనే ఉందన్నది గుర్తుపెట్టుకో. మెట్లు రోడ్డుకన్నా ఎత్తుగా కట్టవచ్చు, వరద తలుపులు పెట్టవచ్చు, పంపులు పెట్టవచ్చు. అవన్నీ ఖర్చే, నిర్వహణే.

ఇంకొకటుంది. ఎవరూ దీని ఊసెత్తరు. పిల్లర్ల మీది రైలు భూమిలోకి దిగాలంటే ర్యాంపు కావాలి. ట్రాకు భూమికి పది మీటర్ల పైన ఉంది, స్టేషన్ పదిహేను మీటర్ల లోతున ఉంది అనుకోండి. పాతిక మీటర్లు దిగాలి. మెట్రోకి నూటికి నాలుగు వాలు మించనివ్వరు. అంటే 600 మీటర్ల పైన పొడవు. అందులో నేలకి దగ్గరగా ఉండే భాగమంతా రోడ్డు మధ్య గోడలా ఉంటుంది. ఇటు నుంచి అటు దాటడానికి వీలుండదు. ఆసీల్‌మెట్ట దగ్గర ఆ చోటు ఎక్కడుందో చూపించండి.

డాబాగార్డెన్స్ వాసి:
మాస్టారూ, ర్యాంపు అవసరం పడేది మధ్యలో దిగితేనే కదా. గురుద్వారా నుంచే రెండో కారిడార్ మొత్తం కింద ఉంచితే? ప్రయాణికులు గురుద్వారాలో ఎస్కలేటర్ మీద పై లైన్‌కి మారతారు. చెన్నై సెంట్రల్‌లో, ఢిల్లీ కశ్మీరీ గేట్‌లో అలా ఒక లైన్ నుంచి ఇంకో లైన్‌కి మారడం రోజూ లక్షల మంది చేస్తున్నదే.

కాంక్రీట్ మాస్టారు:
మనుషులు మారతారు. రైళ్లు రాత్రికి ఎక్కడ పడుకుంటాయి? ఎక్కడ కడుగుతారు, ఎక్కడ రిపేరు చేస్తారు? డిపో పైన ఉంటుంది. ఎక్కడో ఒక చోట రైలు పైకి రావాల్సిందే. ఐదు కిలోమీటర్ల లైన్‌కి సొంతంగా డిపో పెట్టాలంటే పాత టౌన్‌లో అన్ని ఎకరాలు ఎవరిస్తారు?

డాబాగార్డెన్స్ వాసి:
గురుద్వారా వెనక హైవే పక్కన ర్యాంపుకి చోటు దొరుకుతుందేమో చూడాలి. పూర్ణా మార్కెట్‌లో గోడ కట్టడం కన్నా అది నయం.

ఏయూ ప్లానింగ్ విద్యార్థి:
నాకు ఇద్దరి మాటా సగమే నచ్చింది. గురుద్వారా నుంచి ఆర్టీసీ కాంప్లెక్స్ దాకా రోడ్డు వెడల్పు ఉంది. అక్కడిదాకా పిల్లర్ల మీద తెచ్చి లైన్‌ని ఆపేస్తే ఏమవుతుంది? కాంప్లెక్స్ నుంచి జగదాంబ, పూర్ణా మార్కెట్, పాత పోస్టాఫీసుకి చిన్న ఎలక్ట్రిక్ బస్సులు, మెట్రో టికెట్‌తోనే ఎక్కేలా, ఐదు నిమిషాలకొకటి. పిల్లర్లూ వద్దు, సొరంగమూ వద్దు. 2017 మెట్రో రైలు విధానం ప్రకారం మెట్రో ప్రతిపాదించే ముందు బస్సులతో సహా వేరే మార్గాలు పోల్చి చూడాలి, పెట్టిన డబ్బు మీద సమాజానికి వచ్చే లాభం 14 శాతం ఉండాలి. సొరంగం ఖర్చు కలిపితే ఆ 14 శాతం రావడం కష్టం. కేంద్రం దీన్నే అడ్డం పెట్టుకుని మొత్తం ఫైలు వెనక్కి పంపవచ్చు. కూర్మన్నపాలెం అన్న భయం నిజమే.

టౌన్ కొత్తరోడ్డు షాపు:
తమ్ముడూ, బస్సు మాట బాగానే ఉంది. కానీ సంక్రాంతికి ముందు వారం ఒకసారి మా రోడ్డుకి వచ్చి చూడు. మనిషికే దారుండదు, బస్సు ఐదు నిమిషాలకి ఎలా వస్తుంది? పాత టౌన్ అనగానే చిన్న బస్సు చాలంటారు. జిల్లాల నుంచి హోల్‌సేల్‌కి వచ్చేవాళ్లు మూటలతో దిగేది ఇక్కడే. రైలు కాంప్లెక్స్ దగ్గరే ఆగిపోతే వ్యాపారం కూడా అక్కడే ఆగిపోతుంది.

హౌరా తెలుగోడు:
షాపు గారి మాట నాకు సూటిగా తగిలింది. ఇక్కడ బడాబజార్‌కి మూటలు మోసేవాళ్లు, చిన్న వ్యాపారులు మెట్రో వాడుతూనే ఉన్నారు. పాత మార్కెట్‌కి రైలు అక్కర్లేదనుకోవడం తప్పు.

డాబాగార్డెన్స్ వాసి:
ఇంతమంది ఓపికగా రాసినందుకు సంతోషం. నా అభిప్రాయం మారలేదు. పాత టౌన్‌లోకి రైలు రావాలి, కింద నుంచే రావాలి. మాస్టారు చెప్పిన నేల, ర్యాంపు, డిపో మూడూ అసలైన ప్రశ్నలే. వాటికి జవాబు మన దగ్గర ఉండదు, బోర్లు వేసి చూసినవాళ్ల దగ్గర ఉంటుంది. అందుకే మెట్రో సంస్థకి అర్జీ రాస్తున్నాను. మూడే అడుగుతున్నాను. డాబాగార్డెన్స్ నుంచి పాత పోస్టాఫీసు దాకా మట్టి పరీక్షల నివేదిక, నీరు ఎంత లోతున ఉందో సహా. పిల్లర్లు వేస్తే ఏ డోర్ నంబర్లకి ఎన్ని గజాలు పోతాయో జాబితా. గురుద్వారా నుంచి భూగర్భంలో వేస్తే ర్యాంపుతో, వరద తలుపులతో కలిపి ఖర్చెంతో వేరుగా లెక్క. మొదటి కారిడార్ పనులు దీనికోసం ఆపవద్దని కూడా మొదటి పేరాలోనే రాస్తాను. కూర్మన్నపాలెం అన్నా, మీ సంతకం కావాలి.

కూర్మన్నపాలెం షిఫ్ట్:
ఆ పేరా ఉంటే పెడతాను. మా సెక్షన్‌లో వాళ్లతో కూడా పెట్టిస్తాను.

కాంక్రీట్ మాస్టారు:
నేనూ పెడతాను. మట్టి నివేదిక అడిగేటప్పుడు ఎన్ని మీటర్లకొక బోరు వేశారో కూడా అడుగు. అర కిలోమీటరుకొకటి వేసి ఊరుకుంటే పాత టౌన్‌లో అది చాలదు.