గుండమ్మ కథలో సరోజకు న్యాయం జరిగిందా?

చిన్నకూతురు:

మా ఇంట్లో ఇద్దరం ఆడపిల్లలం. అక్కకూ నాకూ మూడేళ్ల తేడా. పొద్దెక్కేదాకా ముసుగు తీయని పిల్లను నేను. నాయనమ్మ గుమ్మంలో నిలబడి ‘సరోజ ఇంకా లేవలేదా?’ అని అడిగేది. అక్కేమో లక్ష్మి. గుండమ్మ కథ చూడకముందే ఆ సినిమాలోని గారాల కూతురు సరోజ వేషం నాకు ఖాయమైపోయింది. ఇంటికి చుట్టాలు వచ్చినప్పుడు ఆ పేరు వినపడితే ఇప్పటికీ నాకు మనసు చివుక్కుమంటుంది.

పోయిన వారం అక్క కూతురితో కలిసి ఆ సినిమా మళ్లీ చూశాను. ఆ పిల్లకు తొమ్మిదేళ్లు. గుండమ్మ వేషంలో సూర్యకాంతం తెరమీద కనిపించినప్పుడల్లా కడుపు పట్టుకుని నవ్వింది. సరోజకు రాజాతో పెళ్లయ్యాక మాత్రం నవ్వు ఆపేసి నావైపు తిరిగింది. ‘పిన్నీ, రాజా సరోజకు అబద్ధం ఎందుకు చెప్పాడు? ఆమె అతనికి ఏం చేసింది?’ అంది. నాకు జవాబు తోచలేదు.

నా సందేహం కూడా అదే. సవతి కూతురు లక్ష్మి చేత ఇంటెడు చాకిరీ చేయించిందీ, సొంత కూతురు సరోజను కాలు కింద పెట్టనివ్వకుండా పెంచిందీ గుండమ్మే. అక్కచెల్లెళ్ల మధ్య ఎక్కువ తక్కువలు పెట్టింది తల్లి. అలాంటప్పుడు శిక్ష కూతురికెందుకు? నాటకమాడి పెళ్లి చేసుకుని, ఆ తర్వాత తన దగ్గర ఏమీ లేదని నమ్మించి కష్టాలపాలు చేసి బుద్ధి చెప్పడాన్ని ప్రేమకథ అనవచ్చా? సినిమా మీద కోపంతో అడగడం లేదు. సరోజగా జమున నటన చూస్తూ ఇన్నేళ్లూ ఎంత మురిసిపోయానో నాకు తెలుసు. అందుకే అడుగుతున్నాను.

ఇంటికి పెద్దది:

మీ బాధ నాకు అర్థమైంది. కానీ నేను లక్ష్మి వైపు మనిషిని. నాకు చెల్లెలూ తమ్ముడూ ఉన్నారు.

పనివాడిగా వచ్చిన అంజి పిండి రుబ్బుతూ పాడే పాటలో అందరూ ఎన్టీఆర్‌ను చూసి నవ్వుతారు. ఈసారి లక్ష్మిగా వేసిన సావిత్రి ముఖం చూడండి. పుట్టి బుద్ధెరిగాక ఆమె చేతిలోని పని అందుకున్నవాళ్లు ఆ ఇంట్లో లేరు. ఒక మగవాడు వచ్చి రుబ్బురోలు ముందు కూర్చుని పొత్రం పట్టుకున్నాడు. మొదట ఆశ్చర్యం, తర్వాత బెరుకు, ఆ తర్వాత ఆపుకోలేని నవ్వు. నా లెక్కలో ఆ సినిమా మొత్తానికీ అసలైన ప్రేమ సన్నివేశం అదే. పొగడ్తలు లేవు, పూలు లేవు, పని పంచుకోవడం ఉంది.

ఇక సరోజ. తల్లి పెంపకం అలా ఉందన్నది నిజమే. అయినా అక్క ఒళ్లు హూనం చేసుకుంటుంటే కళ్లెదుట చూస్తూ ఊరుకున్నది కూడా ఆమే కదా! పెళ్లీడుకొచ్చిన పిల్లకు అది తెలియదంటే నేను ఒప్పుకోలేను.

వెండితెర నేస్తం:

మూలకథ ఎక్కడిదో తెలిస్తే ఈ ప్రశ్న ఇంకా బాగా అర్థమవుతుంది. 1958లో విఠలాచార్య తీసిన కన్నడ చిత్రం ‘మనె తుంబిద హెణ్ణు’ దీనికి ఆధారం. గుండమ్మ అనే పేరూ అక్కడి నుంచి వచ్చిందే. విజయా సంస్థ తరఫున చక్రపాణి ఆ కథను బాగా మార్చి రాశారు, మాటలు డి.వి. నరసరాజు రాశారు, దర్శకుడు కమలాకర కామేశ్వరరావు. 1962 జూన్ 7న విడుదలైంది.

కథను నడిపేది పెళ్లికొడుకుల తండ్రి వెంకట్రామయ్య, అంటే ఎస్వీ రంగారావు. చనిపోయిన స్నేహితుడి కూతుళ్లనే కోడళ్లుగా తెచ్చుకోవాలని ఆయన కోరిక. కొడుకులిద్దరూ రెండు దారుల్లో ఆ ఇంట్లో అడుగుపెడతారు. అంజి పనివాడిగా వచ్చి లక్ష్మిని చేసుకుంటాడు. అంటే తాను ఒక మెట్టు దిగాడు. రాజా చేసింది వేరు. సరోజనే మెట్టు దించాడు. అన్నదమ్ములిద్దరూ అబద్ధమాడారు, కానీ ఒకడి అబద్ధం వాడి భుజాల మీదే ఉంది, రెండోవాడిది భార్య మీద పడింది. అందుకే మొదటి జంటను చూసి హాయిగా నవ్వుతాం, రెండో జంట దగ్గర కాస్త తడబడతాం. మీ మేనకోడలు నవ్వు ఆపేసింది సరిగ్గా ఆ చోటే.

మరో మాట. గుండమ్మను శిక్షించలేదనడం సరికాదు. ఛాయాదేవి వేసిన దుర్గమ్మ ఆ ఇంట్లో పెత్తనం చేపట్టాక గుండమ్మ పడే పాట్లు చూస్తే జాలేస్తుంది. అంతకు ముందు దాకా ఎవరి మీద పళ్లు నూరామో ఆవిడ మీదే! గయ్యాళి పాత్ర వేసి ప్రేక్షకుడి చేత అయ్యో అనిపించడం సూర్యకాంతానికే చెల్లింది. ఎన్టీఆర్, ఏఎన్నార్, సావిత్రి, జమున ఉన్న సినిమాకు ఆవిడ పాత్ర పేరు పెట్టారంటే ఊరికే పెట్టలేదు.

తోటలో మొక్క:

ఒక్క విషయం అందరూ వదిలేశారు. భర్త దగ్గర ఏమీ లేదని నమ్మిన సరోజ పుట్టింట్లోనే ఉండిపోవచ్చు. ఉండలేదు. అతని వెంట నడిచింది, తోటపని చేసింది. అది ఎవరూ నేర్పిన పాఠం కాదు, ఆమె తీసుకున్న నిర్ణయం. రాజా మోసం తప్పే, నేను వెనకేసుకు రాను. కానీ సరోజను మోసపోయిన పిల్లగానే చూస్తే ఆమె తెగువను కూడా తీసేసినట్టవుతుంది.

చిన్నకూతురు:

అందరికీ కృతజ్ఞతలు. సరోజ వెంట నడిచిందన్న మాట నాకు చాలా నచ్చింది. ఇన్నేళ్లూ ఆమెకు ఏం జరిగిందనే చూశాను, ఆమె ఏం చేసిందో చూడలేదు. రాజా విషయంలో మాత్రం నా మనసు మారలేదు. మేనకోడలికి ‘అతను చేసింది తప్పే’ అని చెప్పేశాను. ‘మరి సారీ చెప్పాలి కదా’ అంది.

‘ఇంటికి పెద్దది’ గారూ, మీ జవాబు అక్కకు ఫోనులో చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: ‘నాకూ నిద్ర వచ్చేదే. నాయనమ్మ నన్ను లక్ష్మి అనడం మానేస్తుందేమోనని లేచేదాన్ని. నువ్వు ముసుగు తన్ని పడుకుంటే నీ మీద ఎంత కోపం వచ్చేదో!’ ఆ కోపం సంగతి నాకు ఈ రోజుదాకా తెలియదు. తను ఇష్టపడి లేస్తుందనుకున్నాను.

ఆదివారం అక్క మా ఇంటికి వస్తోంది. రుబ్బురోలు పాట ఇద్దరం కలిసి చూస్తాం. ఈసారి సావిత్రి ముఖమే చూస్తాను.