పూల మొక్కలు మస్తు పెట్టిన, సీతాకోక చిలుకలు నిలుస్తలేవు. ఏం చెయ్యాలె?

నల్గొండ మిద్దెతోట:
అందరికి నమస్తే. మాది నల్గొండ, పానగల్ దిక్కు. ఇంటి ముందట కొంచెం జాగ, మిద్దె మీద ఇరవై కుండీలు ఉన్నయి. ముద్దబంతి, గులాబీ, మందారం పెట్టిన. మా బిడ్డకు ఆరేండ్లు, సీతాకోక చిలుకలంటే పాణం దానికి. నేను చిన్నగున్నప్పుడు బతుకమ్మకు తంగేడు పువ్వు తెంపనీకి పోతే చెట్ల మీదికెల్లి పసుపచ్చయి గుంపుగ లేచేటియి, అది దానికి చూపియ్యాలని నా ఆశ. ఇక్కడనేమో వానలు పడ్డంక ఒకటి రెండు వస్తయి, జరసేపు వాలి ఎల్లిపోతయి. ఇంకేం పూలు పెట్టాలె? ఇంకొకటి, కల్యామాకు చెట్టుకు పచ్చపురుగులు పడ్తున్నయి, వారం వారం వేపనూనె కొడ్తున్న, ఇంతకన్న మంచి మందు ఉంటే చెప్పుండ్రి.

పాలమూరు సైన్స్ టీచర్:
అక్కా, వేపనూనె ఇయ్యాల్నే ఆపుండ్రి. మీరు చంపుతున్న ఆ పచ్చపురుగులే మీ బిడ్డ అడుగుతున్న సీతాకోక చిలుకలు. నిమ్మ సీతాకోకచిలుక అని నలుపు మీద లేత పసుపు మచ్చలుంటయి చూడుండ్రి, అది కల్యామాకు, నిమ్మ, బత్తాయి, మారేడు ఆకుల మీదనే గుడ్లు పెడ్తది. పిల్లపురుగు పిట్ట రెట్ట లెక్క కనపడ్తది, అందుకే పిట్టలు ముట్టవు, పెద్దగైనంక ఆకుపచ్చగ మారుతది. దాన్ని ముట్టుకుంటే నెత్తి మీదికెల్లి నారింజ రంగు కొమ్ములు బయటికి తీస్తది, ఘాటు వాసన, అది కుట్టదు కరవదు, పిల్లలకు చూపియ్యొచ్చు.

పువ్వుల తేనె తాగనీకి ఏ సీతాకోకైనా వస్తది పోతది. ఉండాలంటే గుడ్లు పెట్టే చెట్టు ఉండాలె, ఒక్కో రకానికి ఒక్కో చెట్టు. జిల్లేడు మీద నారింజ రంగుది పెడ్తది, దాని పురుగుకు నలుపు తెలుపు పసుపు పట్టీలు, జిల్లేడు పాలల్ల ఉన్న విషం దాని ఒంట్ల చేరుతది గనుక పిట్టలు దాన్ని తినవు. ఎర్రగన్నేరు మీద నల్ల సీతాకోక పెడ్తది, దాని గూడు వెండి పూత పూసినట్టు మెరుస్తది, మా బడిల పిల్లలు మొదటిసారి చూసి ఎవరో కమ్మ వేలాడదీసిండ్రు అనుకున్నరు! మీరు చెప్పిన పసుపచ్చయి, తెల్లయి తంగేడు, రేల చెట్ల మీద పెడ్తయి, కాబట్టి గేటు కాడ తంగేడు ఒక్కటి పెట్టుండ్రి. జిల్లేడు పాలు కండ్లల్ల పడొద్దు, చిన్నపిల్ల ఉంది గనుక జాగ్రత్త, గన్నేరు కూడ విషమే, నోట్ల పెట్టనియ్యద్దు.

పూలల్ల ముద్దబంతి రెక్కలు ఒత్తుగ ఉంటయి, తేనె అందదు. రేకబంతి మంచిది, నూరువరహాలు, జినియా కూడ ఎండ పడే జాగల పెట్టుండ్రి, పొద్దుగాల ఒంటికి ఎండ తగిలితేనే అవి ఎగురుతయి.

చండూరు బత్తాయి రైతు:
టీచర్ సారు చెప్పింది నిజమే, కానీ మా లెక్క తోటోళ్ల బాధ కూడ ఉంది. ఈ పురుగు బత్తాయి నారుమొక్క మీద పడ్డదంటే రెండు రోజుల్ల ఈనెలు తప్ప ఏం మిగల్చదు. ముదురు చెట్టుకు పది పురుగులున్నా ఏం కాదు. నేను నారు మీద మందు కొట్టుడు బంద్ చేసి రెండేండ్లయింది, పొద్దుగాల పోయి చేతితోని ఏరి బాయి కాడి ముసలి నిమ్మచెట్టు మీద ఏస్త. ఇప్పుడు ఆ చెట్టు కాడ ఎప్పుడూ సీతాకోకలే. అక్కా మీరు కూడ కల్యామాకు ఇంకొకటి పెట్టుకోండి, ఒకటి కూరకు, ఒకటి వాటికి. నర్సరీల కొన్నదైతే మందు కొట్టి ఉంటది, కొత్త చిగురు వచ్చేదాంక ఆ మొక్క మీద పురుగులు ఏయొద్దు.

దేవరకొండ అడవిపిల్ల:
లాంటానా పెట్టమని ఎవరన్న చెప్తరు, సీతాకోకలు బాగనే వస్తయి గానీ వద్దు. పిట్టలు దాని పండ్లు తిని గింజలు అంతటా ఏస్తయి, నల్లమలల అది ఎట్ల కమ్ముకున్నదో చూసినోళ్లు ఎవ్వరు పెట్టరు, మేకలు తింటే వాటికి కూడ విషం. దాని బదులు ఒక పల్లెంల చెరువు మన్ను ఏసి తడిగ ఉంచుండ్రి, చిటికెడు ఉప్పు కలుపుండ్రి, మగవి వచ్చి ఉప్పు పీల్చుకుంటయి.

నల్గొండ మిద్దెతోట:
చదివి ఏడుపొచ్చింది నిజంగ. రెండేండ్ల సంది కొడ్తున్న వేపనూనె, ఎన్ని చంపిన్నో. ఇయ్యాల మిద్దె మీద వెతికితే కింది ఆకు వెనక ఒక్కటి దొరికింది, పెద్దదైంది. బిడ్డ స్కూలు బ్యాగు పడేసి దాని కాడనే కూసుంది. డబ్బాల పెట్టుకోవచ్చా? ఎన్ని రోజులు పడ్తది?

పాలమూరు సైన్స్ టీచర్:
డబ్బా వద్దు అక్కా, చెట్టు మీదనే ఉండనియ్యుండ్రి. పెద్దదైంది అంటున్నరు గనుక ఒకటి రెండు రోజుల్ల తినుడు ఆపి దిగి పోతది, కనపడకపోతే పిట్ట తిన్నదని భయపడొద్దు. కుండీ అంచు కింద, పైపు వెనక, గోడ మూలల చూడుండ్రి, నడుముకు దారం కట్టుకొని గూడైతది. అక్కడికెల్లి పది రోజులు అటు ఇటు. వచ్చేది ఎక్కువ పొద్దుగాలనే, బడికి పోయే ముందు చూడమనుండ్రి, రెక్కలు తడిగ ఉంటయి, ఆరేదాంక ముట్టద్దు.