బెంగళూరు పనిస్థలంలో మరణం: మేస్త్రి రాయించుకున్న కాగితంతో హక్కు పోతుందా?

కదిరి పల్లె
సర్జాపుర రోడ్డులో కడుతున్న అపార్ట్‌మెంట్‌లో సెంట్రింగ్ పని చేస్తూ మా పెదనాన్న కొడుకు 2025 సెప్టెంబరులో ఆరో అంతస్తు నుంచి పడి మరణించాడు. అతనికి 35 ఏళ్లు, రోజు కూలి 900 రూపాయలు. పెద్దకర్మ కూడా కాకముందే మేస్త్రి ఊరికి వచ్చి, రెండు లక్షలు చేతిలో పెట్టి, ఇకపై ఏ కేసూ వేయబోమని రాసిన కాగితం మీద మా వదిన చేత వేలిముద్ర వేయించుకున్నాడు. బిల్డరును అడిగితే మేస్త్రిని అడగమంటున్నారు. మేస్త్రేమో సేఫ్టీ బెల్టు పెట్టుకోనందువల్ల తప్పు చనిపోయినవాడిదే అంటున్నాడు. ఇద్దరు చిన్నపిల్లలున్నారు. ఇక దారి లేనట్లేనా?

హోసూరు రోడ్డు
దారి ఉంది. మా బావమరిది విషయంలో మూడేళ్ల కిందట మేమూ ఇలాగే మోసపోబోయాము కనుక వివరంగా రాస్తున్నాను. మీ ప్రమాదం 2025 నవంబరు 21న సామాజిక భద్రతా స్మృతి (సోషల్ సెక్యూరిటీ కోడ్) అనే కొత్త చట్టం అమల్లోకి రాకముందు జరిగింది కాబట్టి 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టమే మీకు ఆధారం. ఆ చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం పరిహారపు హక్కును వదులుకుంటున్నట్లు రాయించుకున్న ఒప్పందం చెల్లదు. అంతకంటే ముఖ్యమైనది 8వ సెక్షన్. కార్మికుడు మరణించినప్పుడు పరిహారాన్ని ఈ కేసులు తేల్చే కమిషనర్ దగ్గర జమ చేయాలే తప్ప, కుటుంబం చేతికి నేరుగా ఇచ్చినది పరిహారం చెల్లించినట్లు లెక్కకు రాదు. అడ్వాన్సుగా ఇచ్చిన సొమ్ములో మూడు నెలల జీతం వరకే తగ్గించుకోవచ్చు.

బెల్టు మాట వినిపించుకోకండి. భద్రతా నియమాన్ని కావాలని ఉల్లంఘించాడన్న వాదన గాయాల విషయంలో యజమానికి పనికిరావచ్చు గాని, మరణానికీ శాశ్వత పూర్తి వైకల్యానికీ వర్తించదు. అలాగే, తన వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టరుకు అప్పగించిన బిల్డరు 12వ సెక్షన్ కింద తానే బాధ్యుడు. కట్టిన డబ్బును తర్వాత మేస్త్రి దగ్గర రాబట్టుకోవడం వాళ్లిద్దరి మధ్య వ్యవహారం.

లెక్క ఇది: మరణానికి నెలజీతంలో సగాన్ని వయసును బట్టి పట్టికలో ఉన్న సంఖ్యతో హెచ్చించాలి. జీతం ఎంత ఉన్నా 2020 జనవరి నుంచి 15,000 వరకే తీసుకుంటారు. 35 ఏళ్లకు ఆ సంఖ్య 197.06 కనుక 7,500తో హెచ్చిస్తే 14,77,950 రూపాయలు. నెలలోగా చెల్లించకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే 50 శాతం దాకా జరిమానా ఉంటాయి. మీ వదిన చేతిలో పెట్టినది రెండు లక్షలు. ఆ తేడా చూస్తే కడుపు రగులుతుంది.

పీణ్య ఆపరేటర్
నాది మరో తరహా అనుభవం. పవర్ ప్రెస్‌లో నా కుడిచేతి రెండు వేళ్లు పోయాయి. నాకు ఈఎస్‌ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) ఉన్నందువల్ల పరిహార చట్టం వర్తించదని, ఆ లాభం ఈఎస్‌ఐ కార్పొరేషన్ నుంచే వస్తుందని అప్పుడే తెలిసింది. పనికి వెళ్లలేని రోజులన్నింటికీ జీతంలో సుమారు 90 శాతం వచ్చింది. తర్వాత మెడికల్ బోర్డు వైకల్య శాతాన్ని నిర్ణయించగా ఇప్పుడు నెలనెలా కొంత వస్తోంది. పనిప్రమాదానికి ఇన్ని నెలలు చందా కట్టి ఉండాలన్న షరతు లేదు. చేరిన మొదటి రోజు ప్రమాదం జరిగినా హక్కు ఉంటుంది. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట, 21,000 లోపు జీతం ఉన్నవారు ముందు తమకు ఈఎస్‌ఐ నంబరు ఉందో లేదో ఈరోజే చూసుకోవాలని నా కోరిక.

బొమ్మసంద్ర షెడ్డు
నేను యజమానిని, ఏడుగురితో ఫ్యాబ్రికేషన్ షెడ్డు నడుపుతున్నాను, అందరూ పలమనేరు, మదనపల్లె వైపు వారే. ఈఎస్‌ఐ పరిధిలోకి రాను గనుక ప్రమాదం జరిగితే భారం పూర్తిగా నాదే. ఒక్క ప్రమాదంతో షెడ్డు అమ్ముకోవలసి వస్తుందని భయపడి బీమా పాలసీ తీసుకున్నాను. కాని మా ఆలస్యానికి పడే జరిమానా మాత్రం మేమే కట్టుకోవాలి. మరణమో తీవ్ర గాయమో అయితే ఏడు రోజుల్లో కమిషనర్‌కు నివేదిక పంపాలి. 1923 చట్టానికి 2017లో చేసిన సవరణ తర్వాత పరిహారపు హక్కుల గురించి పనిలో చేరేటప్పుడే కార్మికుడికి రాతపూర్వకంగా తెలియజేయడం యజమాని విధి. చేయకపోతే ఆ పాత చట్టం కింద 50,000 నుంచి లక్ష దాకా జరిమానా ఉండేది. నేను కన్నడ కాగితం ఇచ్చి, తెలుగులో చదివి వినిపిస్తాను. అందులో ఏముందో తెలియకుండా సంతకం తీసుకుంటే ఆ కాగితానికి అర్థం ఉండదు.

కదిరి పల్లె
అందరికీ కృతజ్ఞతలు. జీతం రుజువు చేయడానికి మా దగ్గర రసీదులు లేవు. కేసుకు వదిన ప్రతిసారీ బెంగళూరు రావలసిందేనా?

హోసూరు రోడ్డు
అక్కర్లేదు. 21వ సెక్షన్ ప్రకారం ప్రమాదం జరిగిన చోటనే కాక, హక్కుదారు నివసించే ప్రాంతపు కమిషనర్ దగ్గర కూడా దరఖాస్తు వేయవచ్చు. గడువు మరణం నుంచి రెండేళ్లు. జీతానికి మేస్త్రి ఫోన్‌పేలో పంపిన వారం చెల్లింపులు, తోటి కూలీల వాంగ్మూలం సరిపోతాయి. ఎఫ్‌ఐఆర్, పోస్టుమార్టం నివేదికల నకళ్లు మాత్రం వెంటనే సంపాదించండి.

కదిరి పల్లె
అన్న ఫోన్ పోలీసుల దగ్గర ఉంది. రేపు ఉదయం బ్యాంకుకు వెళ్లి అతని ఖాతా స్టేట్‌మెంట్ తీసుకుంటాము.